‘నేనే’ అనే యంత్రం

మామిడి ఎగుమతి ధ్రువీకరణ మండలి నూజివీడు కార్యాలయంలో సూపరింటెండెంటు తాళ్ళూరి భావనారాయణ నోటు రాస్తే దానికి తిరుగుండదని పేరు. ఆయన వాక్యం ‘పై విషయమును పురస్కరించుకొని’ అని బయలుదేరి, పేజీ చివరిదాకా ఎక్కడా ఊపిరి తీసుకోకుండా నడిచి, ‘తగు ఉత్తర్వులకై ప్రార్థన’ అని చేతులు కట్టుకుని నిలబడేది. డైరెక్టర్లు మారారు, ప్రభుత్వాలు మారాయి, తోటల్లో మామిడి రకాలు కూడా మారాయి గాని ఆ ప్రార్థన మారలేదు. పైవాళ్ళ అనుమతి లేకుండా ఆయన చేసిన పని సర్వీసు మొత్తంలో ఒక్కటీ లేదు. ఇంట్లో మారు అన్నం వడ్డించుకోవాలన్నా భార్య వంక ఒకసారి చూసి ఆగేవాడు.

అలాంటి మనిషి ఆ వేసవిలో, సరిగ్గా బంగినపల్లి కోతకొచ్చిన రోజుల్లో, చిక్కులో పడ్డాడు.

మండలి చేసే పని చిన్నదే. కాయలో పురుగు లేదని, తోలు మీద మందు మిగల్లేదని పరీక్ష చేసి, ఆ ధ్రువపత్రాన్ని కాయలు కొనే దేశపు తనిఖీ కార్యాలయానికి మెయిల్లో పంపాలి. పత్రం ముందు చేరాలి, కాయ తర్వాత చేరాలి. పత్రం రాని కాయను వాళ్ళు విమానం దిగనివ్వరు. ఆ పత్రం మండలి సొంత మెయిల్ సర్వరు నుంచే వెళ్ళాలన్నది ఇరుపక్షాలూ సంతకాలు చేసుకున్న షరతు. పాత సర్వరు ఎండకు ఉడికి ఆగిపోతే కొత్తది తెచ్చి పెట్టారు. పెట్టిన రోజు నుంచీ వెళ్ళిన ప్రతి ఉత్తరమూ వెళ్ళినట్టే వెనక్కి వస్తోంది.

ఆ సంగతి తెలిసేసరికి భావనారాయణ బల్ల ముందు సామ్రాజ్యమ్మ కూర్చుని ఉంది. ఆగిరిపల్లి వైపు ఆవిడకు మామిడితోట ఉంది. ఏటేటా దళారి చెప్పిన రేటుకు తలూపి తలూపి విసుగెత్తి, ఈసారి తనే నేరుగా విదేశానికి పంపాలని పంతం పట్టింది. చెట్టు మీద ఒక్కో కాయకూ కాగితం సంచీ తొడిగింది. కోసిన కాయలకు వేడినీళ్ళ స్నానం చేయించి, తుడిచి, ప్యాక్‌హౌస్ చల్లగదిలో పడుకోబెట్టింది. ఇక పత్రం ఒక్కటే తరువాయి.

“అడ్రసు తప్పు రాశారేమో చూడండి బాబూ” అంది.

భావనారాయణ మెహరున్నీసాను పిలిపించాడు. కార్యాలయంలోని కంప్యూటర్లన్నిటికీ ఆవిడొక్కతే ఇంజనీరు. మాట గట్టిది, ఓపిక తక్కువ. కొత్త సర్వరును బిగించింది ఆవిడే, ఆ తొందరలో ఒక లైను మరిచిపోయిందీ ఆవిడే.

“అడ్రసు బాగానే ఉందండీ. నేనే ఒక లైను మర్చిపోయా. మన మిషను తన పేరు చెప్పుకోవడం లేదు” అందావిడ.

“మిషనుకు పేరేమిటమ్మా?”

“హోస్ట్‌నేమ్ అంటాం. ఉత్తరం పట్టుకుని అవతలి మిషను గుమ్మం దగ్గరికెళ్ళాక ముందు ‘నేను ఫలానా’ అని చెప్పుకోవాలి. మనది ‘లోకల్ హోస్టు’ అంటోంది. లోకంలో ప్రతి మిషనూ తనను తాను పిలుచుకునే పేరు అది. అంటే, వాళ్ళు లోపల్నించి ‘ఎవరూ?’ అంటే మనది ‘నేనే’ అంటోందన్నమాట.”

సామ్రాజ్యమ్మ నవ్వింది. “మా ఆయనా అంతేనమ్మా. గొంతు తెలుసు గనక గడియ తీస్తాను.”

“వాళ్ళకు మన గొంతు తెలీదు కదా. దొంగ ఉత్తరాలు పంపే మిషన్లన్నీ కూడా ‘నేనే’ అనే అంటాయి. అందుకే తలుపు తీయట్లేదు.”

“మరి దీనికి అసలు పేరే లేదా?” అన్నాడు భావనారాయణ.

“లేకేమండీ? ‘మెయిల్’ అని, దాని పక్కన చుక్క పెట్టి మండలి పేరని, బయట డైరెక్టరీలో ఎప్పట్నుంచో ఉంది. ఊరందరికీ దీని పేరు తెలుసు. దీనికే తెలీదు. ఆ ఒక్క లైనూ మార్చి, ఒకసారి ఆపి మళ్ళీ మొదలెడితే అయిపోయె. మీ టీ చల్లారే లోపు పని.”

“అయితే చేసెయ్యి తల్లీ” అంది సామ్రాజ్యమ్మ.

“రాతపూర్వకంగా అనుమతి ఇప్పించండి, చేస్తా.”

ఆవిడ భయానికి కారణం ఉంది. పోయిన వానాకాలం పైకప్పు కారుతుంటే ప్రింటరును తడవకుండా పక్కగదిలోకి జరిపింది. ‘ప్రభుత్వ ప్రింటరును అనధికారికముగా బదిలీ చేసినందుకు’ మెమో వచ్చింది. బదిలీ చేసే అధికారం కమిషనరు గారికి మాత్రమే ఉంటుందట.

భావనారాయణకు ఆ షరతు చాలా న్యాయంగా తోచింది. కళ్ళద్దాలు తుడుచుకుని, అక్కడికక్కడే నోటు రాశాడు. ‘పై విషయమును పురస్కరించుకొని, మండలి ఆస్తియైన సదరు యంత్రము తన నామధేయమును లోకల్ హోస్టు అని చెప్పుకొనుచు ఎల్లెడల తిరస్కరింపబడుచున్నందున, సదరు పేరును మార్చుటకు తగు ఉత్తర్వులకై ప్రార్థన.’ రాసి, ఒకసారి చదువుకుని, లోలోపల మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రానికి డైరెక్టరు ఉప్పులూరి చక్రధర్ గారు పిలిచారు. ‘మార్చుటకు’ అన్న మాట కింద ఎర్రగీత ఉంది. పక్కన లా ఆఫీసరు పురాణం విశ్వపతి లావుపాటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“భావనారాయణ గారూ, ప్రభుత్వ ఆస్తి పేరు మనిష్టమొచ్చినట్టు మారిస్తే రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, కొన్న యంత్రం ఏదయ్యా అంటే ఏం చూపిస్తాం?” అన్నారు డైరెక్టరు గారు.

“యంత్రం అదే ఉంటుంది కదా సార్.”

“మనిషీ అదే ఉంటాడు. అయినా పేరు మార్చుకోవాలంటే గెజిట్లో వేయించుకోవాల్సిందే కదా?” అన్నాడు విశ్వపతి. “నియమావళిలో ‘ఏ వ్యక్తి గాని, సంస్థ గాని, ఇతరము గాని’ అని ఉంది. మన సర్వరు ‘ఇతరము’లోకి వస్తుంది. ప్రమాణపత్రం, ఫోటో, పత్రికా ప్రకటన, ఇద్దరు గెజిటెడ్ అధికారుల సాక్ష్యం.”

‘పెట్టుటకు’ అని రాసి ఉంటే ఈ పుస్తకం తెరుచుకునేది కాదని భావనారాయణకు అప్పుడు తట్టింది. కాని రాసిన నోటును వెనక్కి తీసుకోవడానికి వేరే నోటు పెట్టాలి. దానికి మళ్ళీ అనుమతి కావాలి.

మర్నాటి నుంచి పని చురుగ్గా సాగింది. ఆ విషయంలో మండలిని ఎవరూ తప్పుపట్టలేరు. ఫోటోగ్రాఫరు వచ్చి, పాస్‌పోర్టు సైజు కాబట్టి వెనక తెల్లదుప్పటి కట్టించి, అలవాటు కొద్దీ “గడ్డం కొంచెం పైకెత్తమనండి” అన్నాడు. ప్రమాణపత్రంలో తల్లి పేరు దగ్గర కలం ఆగింది. లోపల మదర్‌బోర్డు అనేది ఒకటుందని ఎవరో చెబితే విశ్వపతి సంతోషంగా అదే నింపించాడు. తండ్రి పేరు దగ్గర ‘లేరు’ అని రాశారు. యంత్రాన్ని వ్యక్తిగతంగా ఎరుగుదుననీ, దాని నడవడి మంచిదనీ మొదటి సాక్షిగా పశువైద్యాధికారి సంతకం చేశాడు. ఆయన ఇంతకంటే తక్కువ పరిచయం ఉన్నవాళ్ళకు కూడా చేసి ఉన్నాడు.

కొత్త పేరేమిటన్న ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. మెహరున్నీసా డైరెక్టరు గారి గదిలో నిలబడి, “ఉన్న పేరే సార్, మెయిల్. కాకపోతే అది ఫుల్లీ క్వాలిఫైడ్‌గా ఉండాలి” అంది. చుక్కల దగ్గర్నుంచి చివరిదాకా పూర్తిగా రాయాలని ఆవిడ ఉద్దేశం.

డైరెక్టరు గారి ముఖం గంభీరమైంది. “ఆ విషయంలో రాజీ లేదమ్మా. క్వాలిఫికేషను లేని పేరును నేను ఈ మండలిలో అడుగు పెట్టనివ్వను” అన్నారు.

ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షను నుంచి వెంటనే లేఖ వచ్చింది. సదరు పేరు తాలూకు విద్యార్హతల అసలు పత్రాలు, పదవ తరగతి మార్కుల జాబితాతో సహా, సమర్పించాలని. ‘మెయిల్’ అన్న పేరుకు అటువంటివేమీ లేనందున అది మొదటి వడపోతలోనే పోయింది. అర్హత గల పేరును సూచించడానికి కమిటీ వేశారు.

కమిటీలో మండలి చైర్మన్ గారి మనుషులు ఆయన తండ్రిగారి పేరన్నారు. భాషాభిమానులు ‘మెరుపుజాబుల మండపం’ అన్నారు. ఉద్యోగ సంఘం వాళ్ళు తమ సంఘం పేరన్నారు. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక డైరెక్టరు గారు మూడింటినీ కలిపి, ముందు ‘శ్రీ’ చేర్చారు.

“ఇంత పొడుగు పట్టదు సార్. పైగా మధ్యలో ఖాళీలు ఉండకూడదు” అంది మెహరున్నీసా.

“ఖాళీలు మనకెక్కడివమ్మా? భర్తీ చేయొద్దని ప్రభుత్వమే చెప్పాక, ఉన్నా లేనట్టే లెక్క” అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ బయటికొచ్చి భావనారాయణ బల్ల దగ్గర నిలబడి, “నేను రాజీనామా చేస్తానండీ” అంది.

“దానికీ ముందు అనుమతి తీసుకోవాలమ్మా” అన్నాడాయన దిగులుగా.

ఈ పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి సామ్రాజ్యమ్మ రోజూ వచ్చేది. వస్తూ వస్తూ చల్లగదిలో మెత్తబడ్డ కాయలు గంపలో వేసుకొచ్చి, బల్లల మీద తలా నాలుగు పెట్టి పోయేది. “పారబోయలేక తెచ్చానయ్యా, తినండి” అనేది. కార్యాలయమంతా మామిడిపండు వాసన. సర్వరు ఫైలు అంచులకు రసం అంటుకుని, కాగితాలు ఒకదాన్నొకటి వదిలేవి కావు. భావనారాయణ మాత్రం ఒక్క పండూ ముట్టలేదు.

అంతలో పత్రికా ప్రకటన అచ్చయింది. ‘ఇంతవరకు లోకల్ హోస్టుగా పిలువబడుచున్న నేను ఇకమీదట సదరు పేరుతో వ్యవహరింపబడనని సమస్త ప్రజానీకమునకు తెలియజేయడమైనది. అభ్యంతరములున్న తెలుపగలరు.’

అభ్యంతరం ఆ పొద్దున్నే గేటు దగ్గర టెంటు వేసుకుని కూర్చుంది. ‘లోకల్ హోస్టు పరిరక్షణ సమితి’ అని బ్యానరు కట్టారు. లోకల్ వాణ్ణి తీసేసి నాన్‌లోకల్‌ను తేవడానికి కుట్ర జరుగుతోందని మైకు ఘోషిస్తోంది. నచ్చజెప్పడానికి మెహరున్నీసా వెళ్ళింది.

“అది మనిషి కాదండీ. కంప్యూటరు తనకు తాను...”

“మేడమ్, మీది ఏ ఊరు?” అన్నాడు సమితి అధ్యక్షుడు.

“బందరు.”

“చూశారా!” అన్నాడతను మైకులో. టెంటు కింద చప్పట్లు మోగాయి.

సామ్రాజ్యమ్మ ఆ రోజు గంప వాళ్ళ మధ్యనే దించింది. ఆందోళనకారులు పళ్ళు తింటూ ఆవిడ గోడు విన్నారు, నిజంగానే జాలిపడ్డారు, ‘సామ్రాజ్యమ్మ మామిడికి న్యాయం జరగాలి’ అని రెండో బ్యానరు కూడా కట్టారు. మొదటి బ్యానరు మాత్రం విప్పలేదు. చివరికి కొత్త పేరు తోక దగ్గర ‘లోకల్’ అని తగిలించడానికి డైరెక్టరు గారు ఒప్పుకున్నాక, విజయం సాధించామని ప్రకటించి, టెంటు ఎత్తేశారు.

ఇక అన్నీ సిద్ధం. ప్రమాణపత్రం, ఫోటో, సాక్ష్యాలు, ప్రకటన, కమిటీ తీర్మానం, సమితితో ఒప్పందం, అన్నీ స్కాన్ చేసి గెజిట్ కార్యాలయానికి పంపాలి. అక్కడ కాగితాలు చేతికిస్తే తీసుకోవడం మానేశారు. దరఖాస్తు శాఖ అధికారిక మెయిల్ నుంచే రావాలని కొత్త నిబంధన. భావనారాయణ స్వయంగా కూర్చుని పంపించాడు.

ఆయన కుర్చీలోంచి లేచేలోపు అది వెనక్కి వచ్చింది. పంపినవారు ముందు తమ పేరు సరిగా చెప్పుకోవాలట.

ఆయన ఆ జవాబును అచ్చు తీసుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

“అయితే పేరు సరిచేసుకున్నాకే పంపండి.”

“పేరు సరిచేసుకోవడానికే పంపుతున్నాం సార్.”

డైరెక్టరు గారు కిటికీలోంచి కాసేపు బయటికి చూశారు. చిక్కు ఎక్కడుందో ఆయనకూ తెలిసిందనే భావనారాయణ అనుకున్నాడు. ఆయన ఇటు తిరిగి, “ఇది విధానపరమైన అంశం. సబ్‌కమిటీ వేద్దాం. నోటు పెట్టండి” అన్నారు.

భావనారాయణ తన బల్ల దగ్గరికి వచ్చేసరికి సామ్రాజ్యమ్మ ఎదురుకుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో గంప లేదు.

“రేపు పొద్దున దళారి లారీ వస్తోంది బాబూ. ఉన్నకాడికి ఇచ్చేస్తున్నా. వెళ్తూ మీకో మాట చెప్పిపోదామని వచ్చా.”

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

“మీ మీద నాకు కోపం లేదు. మీరెవరూ ఖాళీగా కూర్చోలేదు, రోజూ చూస్తూనే ఉన్నాగా. ఫోటో తీయించారు, పేపర్లో వేయించారు, మీటింగులు పెట్టారు. ఒక్క మిషను కోసం ఇంతమంది ఇంత కష్టపడటం నేనెక్కడా చూళ్ళేదు. నా కాయలకే ప్రాప్తం లేదు.” ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. “చెట్ల మీద ఇంకో కోత ఉంది గానీ, అదీ వాడికే మాట ఇచ్చేస్తా. వస్తా బాబూ.”

అందులో వెటకారం లేదు. అదే ఆయనకు ముల్లులా దిగింది. ఆవిడ మెట్లు దిగుతుండగా ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కుని, ‘పై విషయమును పురస్కరించుకొని, సబ్‌కమిటీ’ అని మొదలుపెట్టాడు. కలం ముందుకు సాగలేదు. సర్వీసులో ఎప్పుడూ అలా జరగలేదు.

ఎదురుగోడ దగ్గర ప్లంబరు ఒకతను వాటర్ కూలరు కుళాయి బిగిస్తున్నాడు. పొద్దుట తనే పిలిపించాడు. ఎవర్నీ అడగలేదు. ఫ్యాను ఆగినా, గడియ ఊడినా, కుళాయి కారినా బాగుచేయించడం సూపరింటెండెంటు పని. దానికి నోటు అక్కర్లేదు, చేయించాక ఒక ముక్క రాసి పెడితే చాలు.

భావనారాయణ ఆ కుళాయి వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్ళి, మెట్ల కింద సామ్రాజ్యమ్మను ఆపాడు.

“లారీని కొంచెం ఆగమనండమ్మా” అన్నాడు.

పైకొచ్చి మెహరున్నీసాను పిలిచాడు. “అమ్మా, మెయిల్ యంత్రం నోరు పట్టేసింది. బాగుచెయ్యి.”

“నోరు పట్టేయడమేంటండీ?”

“మరమ్మతమ్మా. కుళాయి లాంటిది. మరమ్మతు చేయించే అధికారం నాకుంది. నువ్వు పేరు మార్చొద్దు, దాని పేరు దానికి గుర్తు చెయ్యి.”

ఆవిడ ఆయన ముఖం వంక అనుమానంగా చూసింది. “రాసిస్తారా?”

ఆయన రాసిచ్చాడు. ‘మెయిల్ యంత్రము మూగపోయినందున మరమ్మతు చేయించితిని.’ ఒక్కటే వాక్యం. చివర ప్రార్థన లేదు.

మెహరున్నీసా కూర్చుంది. ఏదో టైపు చేసింది, ఆపింది, మొదలుపెట్టింది. బల్ల మీద టీ ఉండాల్సింది గాని ఎవరికీ తెప్పించుకోవాలని తోచలేదు. సామ్రాజ్యమ్మ పత్రం మళ్ళీ పంపారు. ముగ్గురూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. తిరిగి రాలేదు. కాసేపటికి విదేశం నుంచి జవాబు మాత్రం వచ్చింది: పత్రం అందింది, కాయలు పంపవచ్చు.

సామ్రాజ్యమ్మ మెహరున్నీసా రెండు చేతులూ పట్టుకుని ఊపి, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

మొదటి కోతలో చాలా భాగం ఊరు తినేసింది, మరీ పండినది కొంత దళారి పాలైంది. మిగిలిన కాయలూ, చెట్ల మీద ఉన్న రెండో కోతా నిలిచాయి. వాటిని విమానాశ్రయానికి తీసుకెళ్ళే బండి బయలుదేరుతోందంటే భావనారాయణ ఒక పూట సెలవు పెట్టి, అనుమతి తీసుకునే, ప్యాక్‌హౌస్‌కు వెళ్ళాడు. మెహరున్నీసా అప్పటికే అక్కడుంది. అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. సామ్రాజ్యమ్మ ఒక పండు కోసి ఆయన చేతిలో పెట్టింది. ఈసారి తిన్నాడు. మోచేతి దాకా రసం కారింది.

జేబులో ఫోను మోగింది. చేయి తుడుచుకుని చూశాడు. ఆయన సొంత మెయిల్‌కు, మండలి మెయిల్ నుంచి, డైరెక్టరు గారి ఉత్తరం.

‘సదరు యంత్రము యొక్క నామధేయ దస్త్రము సబ్‌కమిటీ పరిశీలనలో ఉండగా, మీరు మరమ్మతు నెపమున అనధికారికముగా ఉత్తరములు గమ్యమునకు చేరునట్లు చేసియున్నారు. తద్వారా కమిటీ కృషిని నిష్ప్రయోజనము గావించినారు. మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వగలరు.’

మెహరున్నీసా ఆయన భుజం మీంచి చదివింది. ఆవిడ ముఖం పాలిపోయింది. “అయ్యో, మీకు మెమో ఇచ్చారండీ.”

భావనారాయణ మెమోను కింద నుంచి పైకి మరోసారి చూశాడు. పంపిన వేళ చూశాడు. ఫోనులో గడియారం చూశాడు. రెండూ ఒకటే.

“ఎంత చక్కగా వచ్చిందో చూడమ్మా! అడ్డూ లేదు, ఆపూ లేదు” అన్నాడు.

బండి తలుపు వేయించి వస్తున్న సామ్రాజ్యమ్మ వాళ్ళిద్దర్నీ చూసి ఆగింది.

“ఏంటి బాబూ, ఏదైనా కబురా?”

“ఉత్తరమమ్మా. మన మిషను పంపింది.”

“మంచి కబురేనా?”

“మంచిదే” అన్నాడు భావనారాయణ, ఫోను జేబులో పెట్టుకుంటూ. “చేరింది.”